ఎర్రబల్బు గది

కృష్ణరాజపురం అన్న పూర్తి పేరు రైల్వే స్టేషను బోర్డు మీద కనిపిస్తుందేగాని జనం నోట అది కె.ఆర్.పురమే. బెంగళూరుకు తూర్పు వాకిలి వంటి ఈ ఊరిలో, పాత మద్రాసు రోడ్డు వెంబడీ సంతకు దారితీసే సందుల్లోనూ ఫోటో స్టూడియో అని రాసిన బోర్డులు నేటికీ ఉన్నాయి. లోపల ఒక కంప్యూటరు, ఒక కలర్ ప్రింటరు, పక్కనే జెరాక్సు యంత్రం, గుర్తింపు కార్డులకు లామినేషన్ వేసే చిన్న పెట్టె ఉంటాయి. ముందు గదికి వెనుక, రెండు మడతల నల్లగుడ్డ తెర చాటున, పుల్లటి వాసనతో, ఎర్రబల్బు వెలుగుతో ఉండే ఇరుకు గది మాత్రం ఇప్పుడు కానరాదు. డార్క్‌రూమ్ అనే ఆ గది పోయిన సంగతిని పట్టించుకున్నవారు తక్కువ. ఫోటో దిగి, రసీదు తీసుకుని, రెండు రోజుల తరువాత కవరు అందుకుని వెళ్ళే గిరాకీ ఏనాడూ ఆ తెర దాటి లోపలికి అడుగు పెట్టలేదు కనుక, మధ్యలో ఏం జరిగేదో వారికి తెలియవలసిన అవసరం రాలేదు. తెలిసినది స్టూడియో యజమానికి, అతని సహాయకుడికి, వారి వెంట సెలవుల్లో తచ్చాడుతూ పని నేర్చుకున్న విద్యార్థికి. ఈ మూడవవాడి వైపునుంచి చూసినప్పుడు ఆ గది ఒక బడి. అందులో పాఠం ఎలా సాగేదో తెలిసినవారు ఉండగానే రాసిపెట్టుకోవలసి ఉంది.

*

కె.ఆర్.పురానికి ఆనుకుని ఉన్న దూరవాణినగరలో 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, అంటే జనం ఐ.టి.ఐ. అని పిలిచే ప్రభుత్వ టెలిఫోన్ కర్మాగారం, వెలిసిన తరువాత ఈ చుట్టుపక్కల జీవితం షిఫ్టుల లెక్కన నడవసాగింది. నెల జీతం, కంపెనీ క్వార్టర్సు, పిల్లలకు బడి అమరిన ఇళ్ళలోకి మొదట రేడియో, ఆ తరువాత ఎప్పుడో ఒక కెమెరా వచ్చి చేరేవి. కోలారు, చింతామణి, చిత్తూరు, అనంతపురం వైపులనుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కన్నడ, తమిళ కుటుంబాలతో గోడకు గోడగా బతకడం వల్ల స్టూడియోలో మాట మూడు భాషల్లోనూ దొర్లేది. గిరాకీని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి “స్వల్ప తల ఎత్తండి” అన్నప్పుడు మొదటి మాట కన్నడ వాడుక, మిగిలినది తెలుగు. అలా అన్నవారికిగాని విన్నవారికిగాని ఆ తేడా తోచేదే కాదు.

ఆ కాలపు మధ్యతరగతి ఇళ్ళలో ఎక్కువగా కనిపించిన కెమెరా మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. ఎండ, మబ్బు అని రెండు మూడు గుర్తులు తప్ప అందులో సర్దుకోవలసినది ఏమీ ఉండదు. 120 రకం రీలు ఎక్కిస్తే చతురస్రాకారంలో 12 ఫోటోలు వస్తాయి. ఎన్నో ఫోటో నడుస్తున్నదో వెనుకనున్న చిన్న ఎర్రకిటికీలో అంకె చూసి తెలుసుకోవాలి. ఫిల్ము తూర్పు జర్మనీ ఓర్వో కావచ్చు, లేదా ఊటీలో 1960లో ఏర్పడి 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ కావచ్చు. 35 మిల్లీమీటర్ల కెమెరా చేతికి అందిన విద్యార్థి కొత్త రీలు కొనలేక, 100 అడుగుల చుట్టనుంచి స్టూడియోవారు చీకట్లో కత్తిరించి పాత డబ్బీల్లోకి ఎక్కించి ఇచ్చే ‘లోడింగు రీలు’తో సరిపెట్టుకునేవాడు. 12 అయినా 36 అయినా ప్రతి ఫోటోకూ లెక్క ఉండేది, ఆ లెక్క ఇంటి ఖర్చుల్లోనే ఉండేది. అందువల్ల షట్టరు నొక్కేముందు చాలాసేపు చూడడం ఎవరూ చెప్పకుండానే అలవడేది.

స్టూడియో యజమానిని “అన్నా” అని పిలిచే చనువు ఏర్పడ్డాక, రీలు ఇచ్చి వెళ్ళే పిల్లవాడు ఒకనాడు ఆ రీలు కడిగే చోటికే వెళ్ళగలిగేవాడు. మొదటి నెలల్లో అతనికి దక్కే పని ట్రేలు తోమడం, నీళ్ళు మోయడం, ఆరిన ప్రింట్ల అంచులు కత్తిరించడం. కత్తెర పని చిన్నదనిపిస్తుందిగాని, రోజుకు యాభై పాస్‌పోర్టు ఫోటోల అంచులు సరిచేసిన కన్ను, తలకూ అంచుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే ముఖం నిలబడుతుందో తనంతట తానే పట్టుకుంటుంది.

*

తెలుగులో ఫిల్ము ‘కడగడం’ అంటారు. ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. ఫిల్ము మీద పూసిన జిగురులో వెండి లవణాల రేణువులు ఉంటాయి. కెమెరాలో వెలుతురు తగిలిన రేణువుల్లో కంటికి కనబడని మార్పు జరుగుతుంది. డెవలపరు అనే ద్రావణం ఆ రేణువులను మాత్రమే నల్లని వెండిగా మారుస్తుంది. ఆమ్లం కలిపిన నీరు ఆ మార్పును ఆపుతుంది. హైపో, అంటే సోడియం థయోసల్ఫేటు, మిగిలిపోయిన లవణాలను కరిగించి బొమ్మను స్థిరపరుస్తుంది. చివరగా మంచినీరు ఆ హైపోనంతా కడిగేస్తుంది. వీటిలో నిజంగా కడగడం అనదగినది చివరిదే. అయినా పనివాళ్ళు మొత్తానికి ఆ పేరే పెట్టుకున్నారు, నీటి విషయంలో అజాగ్రత్త పనికిరాదన్న ఎరుక ఆ పేరులోనే ఉంది.

డెవలపరును పొట్లంగా కొనేవారూ ఉండేవారు, విడి రసాయనాలు తెచ్చి కలుపుకునేవారూ ఉండేవారు. డి-76 అనే ప్రసిద్ధమైన పాళ్ళ ప్రకారం లీటరు ద్రావణానికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బొరాక్సు 2 గ్రాములు కావాలి. రెండు గ్రాములు తూచాలంటే కిరాణా కొట్టు తక్కెడ చాలదు, కంసాలి వాడే చిన్న త్రాసు ఉండాలి. గోరువెచ్చని నీటిలో మొదట మెటాల్ కరగాలి, ఆ తరువాతే సల్ఫైటు పడాలి. ఈ వరుస తప్పితే మెటాల్ కరగకుండా మొరాయిస్తుంది. రసాయనశాస్త్రాన్ని పాఠ్యపుస్తకంలో బట్టీ పట్టిన విద్యార్థికి, పదార్థాలకు వరుస ఉంటుందన్న సంగతి మొదటిసారి చేతికి తెలిసేది ఇక్కడే.

ఫిల్ము కడగడానికి అనువైన వేడి 20 డిగ్రీల సెల్సియస్. కోస్తా పట్టణాల్లో ఎండాకాలం కుళాయి నీరే 30 డిగ్రీలు దాటడం వల్ల, ఐసుగడ్డలు తెచ్చి ట్రేల చుట్టూ పేర్చకపోతే ఫిల్ము మీది జిగురు మెత్తబడి ముడతలు తేలేది. బెంగళూరు చలవ ఈ విషయంలో వరమయింది. మార్గశిర, పుష్య మాసాల్లో పొద్దున పట్టిన నీరు చాలావరకు సరైన వేడిలోనే దొరికేది. ఫిల్ము ఉంచి మూత బిగించిన ట్యాంకును నిమిషానికి ఒకసారి తలకిందులు చేయడం, గాలిబుడగలు వదలడానికి దాని అడుగును బల్ల మీద ఠక్కున కొట్టడం, సన్నగా వదిలిన కుళాయి చప్పుడు, గోడ గడియారం టిక్కుటిక్కులు, ఇవే ఆ గది సంగీతం. ప్రింటు వేసే ఎన్లార్జరు ఎత్తయిన కమ్మీకి వేలాడే దీపపు పెట్టె. నెగెటివును అది కింద పరిచిన కాగితం మీదికి పెద్దది చేసి చూపుతుంది. నేల ఏమాత్రం అదిరినా పైనున్న పెట్టె ఊగి బొమ్మ అలికినట్టు అవుతుంది కనుక, బయట పాత మద్రాసు రోడ్డు మీద లోడు లారీ వస్తున్న చప్పుడు వినిపిస్తే స్విచ్చి మీది వేలు ఆగేది. సాయంత్రం ఊరంతా దీపాలు వెలిగే వేళకు వోల్టేజీ పడిపోయి ఎన్లార్జరు బల్బు మందగించేది. మధ్యాహ్నం ఎనిమిది సెకన్లకు వచ్చిన నలుపు రాత్రికి పది పన్నెండు సెకన్లు అడిగేది.

*

వెలుతురు ఇలా మారుతుండేది కనుకనే టెస్ట్ స్ట్రిప్ అవసరమయింది. పరీక్ష పట్టీ అనదగిన ఈ చిన్న కాగితపు ముక్కలోనే ఆ బడి చదువంతా ఉంది. ప్రింటు వేసే బ్రొమైడ్ కాగితం ఖరీదైనది, కాబట్టి మొత్తం షీటును పణంగా పెట్టకుండా అంగుళం వెడల్పు ముక్క కత్తిరించి, బొమ్మలో ముఖ్యమైన చోట పరిచి, దాని మీద నల్ల అట్టను రెండేసి సెకన్లకు ఒకసారి కొంచెం కొంచెంగా జరుపుతారు. ఒక కొసన రెండు సెకన్లు, పక్కన నాలుగు, ఆరు, ఎనిమిది, మరో కొసన పది సెకన్ల వెలుతురు పడుతుంది. డెవలపరులో వేసినప్పుడు ఒకే ముఖం తెల్లనుంచి నలుపు దాకా అయిదు మెట్లుగా దిగుతుంది. ఏ మెట్టు దగ్గర చెంప చెంపలా ఉన్నదో చూసి ఆ కాలాన్ని అసలు ప్రింటుకు ఎంచుకుంటారు.

ఆ కాగితం ఎరుపు వెలుతురును ఎరగదు కనుకనే గదిలో ఎర్రబల్బు ఉండగలిగింది. ట్రేలోకి జారిన తెల్ల కాగితం మీద కొన్ని క్షణాలు ఏమీ ఉండదు. ముందుగా జుట్టు, కనుపాపలు, కిటికీ ఊచలు, అంటే బాగా నల్లనివన్నీ, పొగలా పైకి తేలుతాయి. తరువాత పెదవి కింది నీడ, ముక్కు వార. అన్నిటికన్నా చివర తెల్లచొక్కా మడతలు. ఈ దశలో కొత్తవాడు చేసే పొరపాటు ఒకటే ఉండేది: అరనిమిషానికే బొమ్మ నల్లబడిపోయిందని భయపడి కాగితాన్ని తీసి హైపోలో వేయడం. ఎర్రవెలుతురులో ప్రతి బొమ్మా ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తుంది. తెల్లదీపం వేసి చూస్తే అదే బొమ్మ బియ్యం కడిగిన నీళ్ళలా పాలిపోయి ఉంటుంది. ఒకటిన్నర నిమిషం పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడడం, కంటిని నమ్మకుండా గడియారాన్ని నమ్మడం నేర్చుకోవడానికి కొందరికి వారాలు పట్టేది.

క్రమం తెలిసిన యజమాని పట్టీని పారేయనిచ్చేవాడు కాడు. వెనుకవైపు పెన్సిలుతో తేదీ, కాగితం గ్రేడు, లెన్సు ఎంత తెరిచారో చెప్పే ఎఫ్ సంఖ్య, సెకన్లు రాయించి, కిరాణా కొట్టులో చీటీలు గుచ్చినట్టు ఒక ఇనుప తీగకు గుచ్చి ఉంచేవాడు. కాగితం గ్రేడు అంటే నలుపు తెలుపుల మధ్య తేడాను ఎంత పెంచుతుందో చెప్పే అంకె. తక్కువ అంకె మెత్తని బూడిదరంగులను, ఎక్కువ అంకె గట్టి నలుపు తెలుపులను ఇస్తుంది. విద్యార్థి ఎదుగుదల చూడాలంటే గోడకు తగిలించిన మంచి ఫోటోల కన్నా ఆ తీగను అడుగునుంచి పైకి చదవడం మేలు. అడుగునున్న పట్టీలన్నీ ముఖాల మీదే ఉంటాయి, అవి కాలం తేల్చుకోవడానికి మాత్రమే తీసినవి. కొంత పైకి వస్తే ఆకాశం మీద ఒకటి, నీడ మీద ఒకటి. అంటే ఒకే ఫోటోలో వేర్వేరు చోట్లకు వేర్వేరు కాలం కావాలని పిల్లవాడు గ్రహించాడు. ముఖం నల్లబడకుండా అట్టముక్కను పుల్లకు గుచ్చి వెలుతురుకు అడ్డం ఆడించడం, పాలిపోయిన ఆకాశానికి గుప్పిట సందులోంచి అదనపు వెలుతురు పోయడం అప్పుడే మొదలవుతాయి. ఇంకా పైన, ఒకే నెగెటివు మూడు గ్రేడుల మీద. ఇక్కడ సరైనది ఏది అన్న ప్రశ్న వెనకబడి, తనకు ఏది కావాలి అన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఆ మలుపు ఎక్కడ వచ్చిందో వేలు పెట్టి చూపగలిగేంత స్పష్టంగా నమోదు చేసిన బడి మరొకటి ఉండడం అరుదు.

*

ప్రయోగాలు పట్టీల తరువాతి మెట్టు. కెమెరా లేకుండానే చేయగలిగినది ఫోటోగ్రామ్: బ్రొమైడ్ కాగితం మీద నేరుగా వస్తువులు పెట్టి, ఎన్లార్జరు దీపాన్ని రెండు మూడు సెకన్లు వెలిగించి కడిగితే, నల్లని నేల మీద వాటి తెల్లని ఆకారాలు నిలుస్తాయి. తాళంచెవి అచ్చమైన తెలుపును ఇస్తుంది. గాజుల జత బూడిదరంగు వలయాలను, ఎండిన రావి ఆకు తన ఈనెల అల్లికను ఇస్తాయి. పారిస్‌లో మాన్ రే, జర్మనీలో మొహోలీ-నాజ్ 1920లలో ఈ పద్ధతిని కళగా నిలబెట్టారు. ఆ పేర్లు వినని పిల్లవాడు కూడా అమ్మ గాజులు అడిగి తెచ్చుకుని అదే దారిలో నడవగలిగేవాడు, వెలుతురు దూరే వస్తువుకూ దూరని వస్తువుకూ మధ్య ఎన్ని మెట్లున్నాయో కనుక్కోగలిగేవాడు.

కదలికను పట్టడానికి ఊరే ప్రయోగశాల. బెంగళూరు–చెన్నై రైలుమార్గం కె.ఆర్.పురం మీదుగానే పోతుంది. సెకనులో ముప్పయ్యోవంతు కాలం షట్టరు తెరిచి ఉంచి, పోతున్న రైలుతోపాటు కెమెరాను అదే వేగంతో తిప్పితే, రైలుపెట్టె నిలకడగా పడి వెనుకనున్న చెట్లు, స్తంభాలు అడ్డగీతలుగా సాగిపోతాయి. దీనిని ప్యానింగ్ అంటారు. కెమెరాను షట్టరు చప్పుడుతోనే ఆపేస్తే బొమ్మ చెడుతుంది, చప్పుడు దాటాక కూడా నడుము తిరుగుతూనే ఉండాలి. రీలంతా అయ్యాక ఒకటో రెండో కుదిరేవి. మిగిలినవి నెగెటివు మీద అలాగే ఉండి, ఎక్కడ చేయి ముందుకు పోయిందో ఎక్కడ వెనకబడిందో చెప్పేవి.

తెలుగు ఇళ్ళ పిల్లలకు మాయల మీద మోజు ‘మాయాబజార్’తోనే మొదలయ్యేది. 1957లో వచ్చిన ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో చేసిన మాయలు చూసినవాడు, తన పెట్టె కెమెరాతో అటువంటిది ఒకటైనా చేయాలనుకోవడం సహజం. రీలు తిప్పడానికీ షట్టరు నొక్కడానికీ ముడిపెట్టని కెమెరాలో ఒకే ఫిల్ము ముక్క మీద రెండుసార్లు బొమ్మ తీయవచ్చు. లెన్సు సగానికి నల్ల అట్ట అడ్డం పెట్టి ఒకసారి, మిగిలిన సగానికి అడ్డం పెట్టి మరొకసారి నొక్కితే, ఒకే తమ్ముడు క్యారమ్ బోర్డుకు రెండు వైపులా కూర్చుని తనతో తానే ఆడతాడు. రెండు సగాలు కలిసే చోట నల్లటి చారగాని తెల్లటి చారగాని పడడం దీనిలోని చిక్కు. రెండు మూడు రీళ్ళు పోయాక, ఆ అతుకును గుమ్మం నిలువుకమ్మి మీదికో స్తంభం అంచు మీదికో తోసేస్తే కనబడదని తెలిసేది. ఆ కిటుకు తెలిసిననాటి సంబరం ఇంతా అంతా కాదు.

సోలరైజేషన్ మరో తీరు. కాగితం డెవలపరులో ఉండగానే ఎవరో పొరపాటున తెల్లదీపం వేస్తారు. ప్రింటు పాడయిందని అందరూ తిట్టుకుంటారు. హైపోనుంచి తీసి చూస్తే తెల్లగా ఉండవలసిన చోట్లు వెండి మెరుపుతో నల్లబడి, వెలుగునీడల సరిహద్దుల్లో సన్నని తెల్లగీత పడి ఉంటుంది. ఇంతవరకు ఇది ప్రమాదం. ఎన్నో సెకనులో దీపం వెలిగింది, ఎంతసేపు వెలిగింది అన్నది పట్టీల మీద తేల్చి, మరునాడు అదే గీతను కోరి రప్పించగలిగినప్పుడు అది పద్ధతి అవుతుంది. సృజన అన్న పెద్దమాటను ఆ గదిలో ఎవరూ వాడలేదు. ప్రమాదాన్ని పద్ధతిగా మార్చుకునే ఓపికను మించిన సృజన ఏముంటుందో చెప్పడం కష్టం.

*

ఊరి స్టూడియోలో నేర్చినదానికి నగరంలో మరో ఆవరణ ఉండేది. 1971లో ఏర్పడిన యూత్ ఫోటోగ్రఫిక్ సొసైటీ వంటి సంఘాలు బెంగళూరులో సమావేశాలు, పోటీలు జరిపేవి. ఫోటోగ్రాఫరు ఓ.సి. ఎడ్వర్డ్స్ వద్ద నేర్చుకుని వన్యప్రాణుల ఫోటోలకు పేరెన్నికగన్న టి.ఎన్.ఎ. పెరుమాళ్ (1932–2017) బెంగళూరువాడే. శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో చదివి, 1959 నాటి హిందీ చిత్రం ‘కాగజ్ కే ఫూల్’లో పెద్ద అద్దాలతో ఎండను స్టూడియోలోకి మళ్ళించి వెలుగుస్తంభాన్ని నిలిపిన ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి (1923–2014) చదువు కూడా ఈ నగరానిదే. సెలూన్ అని పిలిచే ప్రదర్శన పోటీలకు ప్రింటు పంపితే, అంగీకరించిన దాని వెనుక ఆ సెలూన్ చీటీ అంటించి తిరిగి పంపేవారు; విద్యార్థి ముందువైపు బొమ్మకన్నా వెనుకవైపు చీటీలను ఎక్కువసార్లు తిప్పి చూసుకునేవాడు. ఆ పోటీల అభిరుచికి హద్దులు ఉండేవన్నదీ ఒప్పుకోవాలి. మంచులో ఎడ్లబండి, పొగలో వంటచేసే ముసలమ్మ పదేపదే నెగ్గడం వల్ల, అమ్మ గాజులతో ఫోటోగ్రాములు చేసిన పిల్లవాడు వాటిని పక్కనపెట్టి ఎడ్లబండి వెతుక్కుంటూ హొసకోటె వైపు వెళ్ళిన సందర్భాలకు కొదవ లేదు.

*

డార్క్‌రూమును డిజిటల్ కెమెరా చంపిందని అనుకోవడం పరిపాటి. అంతకు ముందే రంగుల ఫిల్ము దానిని సగం ఖాళీ చేసింది. రంగుల నెగెటివును కడిగే సి-41 పద్ధతిలో డెవలపరు దాదాపు 38 డిగ్రీల వేడిలో, 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. కొద్దిపాటి తేడాకే రంగులు చెదిరిపోతాయి. రంగుల కాగితానికి ఎర్రబల్బు కూడా పనికిరాదు. కాబట్టి ఆ పని యంత్రాలకు, గంటలో ఫోటోలిచ్చే ల్యాబులకు వెళ్ళిపోయింది. స్టూడియో రీళ్ళు పోగుచేసి పంపే చోటయింది, విద్యార్థి కవరు అందుకునే గిరాకీ అయ్యాడు. 2003లో రైలుమార్గం మీదుగా తీగలతో నిలబెట్టిన వంతెన, స్థానికుల నోట హ్యాంగింగ్ బ్రిడ్జి, తెరుచుకున్నప్పుడు రాత్రిపూట ముక్కాలి స్టాండు మీద కెమెరా పెట్టి, షట్టరు అరనిమిషం తెరిచి, వాహనాల దీపాలను ఎర్రని తెల్లని దారాలుగా సాగదీసినవారు ఫిల్ము విద్యార్థుల్లో దాదాపు ఆఖరి వరుస. 2007లో కె.ఆర్.పురం బృహత్ బెంగళూరు నగరపాలికలో కలిసింది, 2023లో మెట్రో వచ్చింది. ‘ఇందు’ ఫిల్ము చేసిన ఊటీ కర్మాగారం మూతపడింది.

ఈ మార్పు వల్ల వచ్చిన లాభాన్ని తగ్గించి చెప్పడం న్యాయం కాదు. ఆ గది మగపిల్లలదే. తలుపు మూసి, తెర దించి, చీకట్లో గంటలు గడపవలసిన చోటికి ఏ ఇల్లూ ఆడపిల్లను పంపేది కాదు. హైదరాబాదులో ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1892లోనే స్త్రీలకోసం, స్త్రీ నిర్వహణలో, జనానా స్టూడియో తెరిచాడు. కెమెరా ముందు కూర్చోవడానికి దొరికిన ఆ మర్యాద, కెమెరా వెనుక పని నేర్చుకోవడానికి దొరకలేదు. ఇవాళ కె.ఆర్.పురం మెట్రో మెట్ల మీద నిలబడి ఫోనుతో వెలుగునీడలను తనివితీరా వెంటాడే ఆడపిల్ల ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. మెటాల్ వల్ల వేళ్ళ సందుల్లో లేచే దురద లేదు, వెండి కరిగిన హైపో మురుగులోకి పోవడం లేదు, నాన్న జీతంలోంచి రీలు ఖరీదు అడిగే బెరుకు లేదు. రైలు ప్యానింగు ఒక సాయంత్రంలో వందసార్లు చేయవచ్చు. పైగా సెకన్లు, ఎఫ్ సంఖ్య, వేళ అన్నీ ఫోటోతోపాటే దాగి ఉంటాయి. పెన్సిలు రాతకన్నా అది నిక్కచ్చి లెక్క.

తేడా ఎక్కడ వచ్చిందంటే, తప్పిన ఫోటో ఆ క్షణమే తొలగిపోతుంది, లెక్కా దానితోపాటే పోతుంది. ఇనుప తీగకు గుచ్చిన పట్టీలకు సమానమైనది నేటి విద్యార్థి వద్ద లేదు. తన చేయి ఎక్కడ తప్పేదో ఏడాది తరువాత తిరిగి చదువుకునే వీలు లేకపోవడం చిన్న లోటు కాదు. ఈ లోటు తెలిసిన కొందరు యువకులు 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైపు వైపు మళ్ళుతున్నారు. ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి, మంచినీటిలో కడిగితే నీలి బొమ్మ వచ్చే ఆ పద్ధతికి చీకటి గది అక్కరలేదు, మేడ మీది ఎండ చాలు. అందులోనూ మొదట చేసేది పట్టీయే.

పాత ఇళ్ళ ఆల్బములలో ఆ గది జాడ ఇంకా దొరుకుతుంది. ప్రింటును పారే నీటిలో కావలసినంతసేపు ఉంచకపోతే కాగితంలో మిగిలిన హైపో ఏళ్ళు గడిచేకొద్దీ బొమ్మను పసుపుపచ్చగా మారుస్తుంది. హైపో తడి ఆరని వేలితో తాకిన చోట ఆ రోజు ఏమీ కనిపించదుగాని, పది ఇరవై ఏళ్ళకు గోధుమరంగు మచ్చ తేలుతుంది. కాబట్టి అమ్మమ్మ కూర్చున్న గ్రూప్ ఫోటో కింది అంచున, ఎవరి చీరకుచ్చెళ్ళ మీదో, అప్పుడు కనబడని ఒక బొటనవేలి ముద్ర ఇప్పుడు గీతలతో సహా పైకి వస్తున్నది. ఫోటోలో ఉన్నవారందరి పేర్లూ వెనుక రాసి ఉంటాయి. ఆ వేలు ఎవరిదో, ఆనాడు తొందరపడి నీటిలోంచి ప్రింటును తీసిన ఏ పిల్లవాడిదో, ఎక్కడా రాసి ఉండదు.